పైలట్ చదువుకు సర్కారు సొమ్ము: మడకశిర వైపు నుంచి ఒక చరిత్ర

భారతదేశంలో విమానం నడపడం నేర్పేందుకు ప్రభుత్వం డబ్బు పెట్టడం 1928లో మొదలైంది. మొదట ఆ డబ్బు ఫ్లయింగ్ క్లబ్బులకు గ్రాంటుగా వెళ్లింది. యుద్ధకాలంలో పూర్తి ఉచిత శిక్షణ అయింది. స్వాతంత్ర్యం తర్వాత కొందరికి స్కాలర్‌షిప్‌గా అందింది. ఈ శతాబ్దం మొదట్లో బ్యాంకు అప్పుగా మారింది. యుద్ధం తర్వాత మారిన ప్రతిసారీ ప్రభుత్వం భరించే వాటా తగ్గుతూ, చదువుకునేవాడి కుటుంబం భరించే వాటా పెరుగుతూ వచ్చింది. అనంతపురం పీఠభూమి దక్షిణపు కొసన ఉన్న మడకశిర వంటి ప్రాంతానికి వీటిలో నేరుగా చేరింది చివరిదొక్కటే. అది కూడా గడప దాటకముందే భూమి కాగితాలు అడిగింది.

భూమి కాగితాలు చూపి సర్కారు అప్పు తెచ్చుకోవడం మడకశిరకు కొత్త కాదు. 1882లో బళ్ళారి జిల్లాను విడదీసి అనంతపురం జిల్లా చేసినప్పుడు మడకశిర అందులో ఒక తాలూకా. అంతకు కొద్ది ఏళ్ల ముందు, 1876–78లో వచ్చిన కరువు ఈ నేలను పీల్చి పిప్పి చేసింది. ఆ అనుభవం తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం 1883లో భూమి అభివృద్ధి రుణాల చట్టం, 1884లో వ్యవసాయదారుల రుణాల చట్టం తెచ్చింది. బావి తవ్వుకోవడానికి, గట్లు పోసుకోవడానికి, ఎడ్లూ విత్తనాలూ కొనుక్కోవడానికి వీటి కింద ఇచ్చిన అప్పునే జనం తకావి అన్నారు. తకావికి హామీ భూమి. బాకీ పడితే శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేసేవారు. అప్పిచ్చేది సర్కారు, పూచీ పడేది చేను, వాన రాకపోతే నష్టం రైతుది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లాలో ఈ మూడో సంగతే అన్నిటికన్నా బరువైనది. నూరేళ్ల తర్వాత విద్యారుణం వచ్చినప్పుడు దాని కట్టుబాటు కూడా దాదాపు ఇదే పోలికలో ఉంది.

విమానాల కథ మాత్రం నగరాల్లో మొదలైంది. 1927లో పౌర విమానయానానికి ప్రత్యేక శాఖ ఏర్పడింది. మరుసటి ఏడాది ఢిల్లీ, కరాచీ, బొంబాయి, కలకత్తాలలో ఫ్లయింగ్ క్లబ్బులు మొదలయ్యాయి. ప్రభుత్వం క్లబ్బులకు చిన్న డి హావిలాండ్ మాత్ విమానాలు సమకూర్చి, ఏటా కొంత గ్రాంటు ఇచ్చింది. 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా తీసుకున్న మొదటి నంబరు లైసెన్సు ఈ ఏర్పాటు ఫలితమే. ఆ తర్వాత మద్రాసులోనూ క్లబ్బు వచ్చింది. మడకశిర అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం కనుక, కాగితం మీద అదే దాని క్లబ్బు.

అయితే గ్రాంటు క్లబ్బుకు వెళ్లేది, నేర్చుకునేవాడి చేతికి కాదు. గ్రాంటు పోను మిగిలిన ఖర్చును సభ్యుడు గంటల లెక్కన కట్టుకోవాలి. అందువల్ల క్లబ్బుల్లో చేరినవారు దొరలు, సంస్థానాల వారు, పెద్ద వ్యాపారుల బిడ్డలు. ప్రజల పన్నుతో నడిచే రాయితీ ముందే ఉన్నవాడి చదువును మరికొంత చవక చేసిందే తప్ప లేనివాడికి తలుపు తెరవలేదు. 1932 అక్టోబరులో టాటాల టపా విమానం మొదలైనప్పుడు కరాచీ నుంచి బొంబాయి దాకా జె.ఆర్.డి. నడిపారు, అక్కడి నుంచి బళ్ళారి మీదుగా మద్రాసు దాకా నెవిల్ విన్సెంట్ నడిపాడు. బళ్ళారి నుంచి మద్రాసుకు గీత గీస్తే అది రాయలసీమ మీదుగానే పోతుంది. ఆ ఊళ్లకు విమానంతో ఏర్పడిన మొదటి సంబంధం తలెత్తి చూడడం వరకే.

రెండో ప్రపంచ యుద్ధం ఈ లెక్కను కొన్నాళ్లపాటు తిరగేసింది. వాయుసేనకు మనుషులు కావలసి రావడంతో ప్రభుత్వం ఫ్లయింగ్ క్లబ్బుల్నే శిక్షణ కేంద్రాలుగా మార్చి, ఎంపికైన యువకులకు తన ఖర్చుతో విమానం నేర్పించింది. హైదరాబాద్ బేగంపేటలో ఒకటో నంబరు ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల నడిచింది. అమెరికాలోనూ ఇదే జరిగింది: 1938లో మొదలైన పౌర పైలట్ల శిక్షణ కార్యక్రమం కళాశాల విద్యార్థులకు సర్కారు సొమ్ముతో విమానం నేర్పింది; యుద్ధం ముగిశాక 1944 నాటి జీఐ బిల్లు మాజీ సైనికుల శిక్షణ ఖర్చు భరించింది. పైలట్ తనకు కావలసినప్పుడు ఏ ప్రభుత్వమూ తాకట్టు అడగలేదు. ఈ చరిత్రలో గుర్తుపెట్టుకోవలసిన అంశం ఇదే.

యుద్ధం ముగిసేసరికి దేశంలో మిగులు విమానాలూ మిగులు పైలట్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపారు. అలహాబాద్‌లో విమానం నేర్చుకుని 1947లో వాణిజ్య లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను, ఆడమనిషి అని మిగతా సంస్థలు వెనక్కి పంపితే, తీసుకున్నది దక్కన్ ఎయిర్‌వేసే. దేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళగా ఆమె పేరు నిలిచింది. 1953లో విమాన సంస్థలన్నీ జాతీయమై రెండు కార్పొరేషన్లు మిగిలాయి. దానితో పైలట్‌కు ఉద్యోగమిచ్చే యజమాని దాదాపు ప్రభుత్వం ఒక్కటే అయింది. నేర్పేదీ కొలువిచ్చేదీ ఒకరే అయినప్పుడు ఎందరికి నేర్పాలన్నది కూడా వారి చేతిలోనే ఉంటుంది. ఆ సంఖ్య చాలా ఏళ్లు చిన్నగానే ఉండిపోయింది.

1948లో అలహాబాద్‌లో పౌర విమానయాన శిక్షణ కేంద్రం వచ్చింది. దాదాపు అదే కాలంలో మైసూరు సంస్థానం బెంగళూరు శివారు జక్కూరులో ప్రభుత్వ విమాన శిక్షణ పాఠశాల నెలకొల్పింది. మడకశిరకు హైదరాబాద్ సుమారు నాలుగున్నర వందల కిలోమీటర్లు. జక్కూరు అందులో మూడోవంతు దూరం. మడకశిర తాలూకాకు మూడు వైపులా పక్క రాష్ట్రంలోని శిర, మధుగిరి, పావగడలే ఉంటాయి. సంతకు, ఆసుపత్రికి, పెళ్లి సంబంధాలకు జనం సరిహద్దు పట్టించుకోరు. కాని 1953లో ఆంధ్ర రాష్ట్రంలోనూ 1956లో ఆంధ్రప్రదేశ్‌లోనూ చేరిన ఈ తాలూకా విద్యార్థికి, పక్క రాష్ట్రం తన నివాసులకు ఇచ్చే సీటూ సాయమూ వర్తించవు. అతని వాటా బేగంపేటలోని ఫ్లయింగ్ క్లబ్బు. అదే తర్వాత ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీ అయింది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలై బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు వెళ్లిపోయాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు అకాడమీ తెలంగాణ వైపు ఉండిపోయింది. రాయలసీమ విద్యార్థికి సొంత రాష్ట్రపు అకాడమీ అనేది అలా చేజారింది. మడకశిర ఇప్పుడున్న శ్రీ సత్యసాయి జిల్లాలో రన్‌వే లేకపోలేదు. 1990లో పుట్టపర్తిలో సత్యసాయి ట్రస్టు ఒకటి కట్టించింది. అది భక్తుల రాకపోకల కోసం కట్టినది.

విద్యార్థికి ప్రభుత్వం అప్పివ్వడమనే ఆలోచన దేశంలో 1963లో జాతీయ రుణ స్కాలర్‌షిప్ పథకంతో రూపం దాల్చింది. మార్కులు బాగా తెచ్చుకున్న పేద విద్యార్థికి వడ్డీ లేకుండా అప్పిచ్చి, ఉద్యోగం వచ్చాక వాయిదాల్లో వసూలు చేయడం దాని పద్ధతి. ఉపాధ్యాయుడిగా చేరినవారికి పనిచేసిన ఏడాదికి పదోవంతు చొప్పున బాకీ కొట్టివేసేవారు. మంచి పథకమే. కాని ఏడాదికి ఇచ్చేది రెండు వేల రూపాయల లోపు. అది డిగ్రీ చదువుకు, హాస్టల్ బిల్లుకు సరిపోతుంది. పెట్రోలు తాగే యంత్రాన్ని గంటల లెక్కన అద్దెకు తీసుకునే చదువుకు ఏ మూలకూ రాదు. ఇచ్చిన అప్పులు తిరిగి వసూలు కాక 1991లో పథకాన్ని ఆపేశారు.

పైలట్ చదువు మిగతా చదువుల నుంచి ఇక్కడే వేరుపడుతుంది. వైద్యంలో, ఇంజనీరింగులో ఒక అధ్యాపకుడు అరవై మందికి ఒకేసారి పాఠం చెప్పగలడు. విమానంలో శిక్షకుడి పక్కన కూర్చునేది ఒక్కడే. వాణిజ్య పైలట్ లైసెన్సుకు, అంటే సీపీఎల్‌కు, 200 గంటలు గాలిలో గడపాలి. అందులో కనీసం 100 గంటలు విమానం పూర్తి బాధ్యత తనదే. ఇంధనం, శిక్షకుడు, బీమా, విడిభాగాలు కలిపి గంటకు పదిహేను వేలనుకున్నా ఎగిరినందుకే 30 లక్షలవుతుంది. గ్రౌండ్ క్లాసులు, పరీక్షలు, రేడియో లైసెన్సు, క్లాస్ వన్ వైద్య పరీక్ష, ఊరుగాని ఊళ్లో బస దీని మీద అదనం. లైసెన్సు చేతికొచ్చాక కూడా ఎయిర్‌బస్ లేదా బోయింగ్ నడపడానికి విడిగా టైప్ రేటింగ్ చేయాలి; దానికి మరో పదిహేను లక్షలకు పైగానే. వాతావరణం బాగాలేక నెల రోజులు విమానం కదలకపోతే కోర్సు సాగుతుంది, బస ఖర్చు పెరుగుతుంది. ఎక్కువమందిని చేర్చుకుని ఖర్చు పంచే వీలు ఈ చదువులో లేదు.

1985లో కేంద్రం ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీని స్థాపించింది. అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ స్వయంగా ఢిల్లీ క్లబ్బులో నేర్చుకుని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా పనిచేసినవాడు. విమానాలు, శిక్షకులు ఒకచోట ఉండే జాతీయ సంస్థగా అది పేరు తెచ్చుకుంది. అయితే సీట్లు కొద్ది, ఫీజు పెద్దది.

ఫీజు కట్టలేనివారి వైపు చూసింది విమానయాన శాఖ కన్నా ఎక్కువగా సాంఘిక సంక్షేమ శాఖే. షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యార్థులకిచ్చే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో వాణిజ్య పైలట్ కోర్సును వైద్యం, ఇంజనీరింగులతో పాటు మొదటి గ్రూపులో చేర్చారు. హెలికాప్టరూ మల్టీ ఇంజనూ కూడా ఇందులోకి వస్తాయి. మిగతా కోర్సుల్లో అర్హులందరికీ ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ఇక్కడ మాత్రం ఏటా ఇంతమందికే అని హద్దు గీశారు. 2007లో ఎస్సీ విద్యార్థుల కోసం వచ్చిన టాప్ క్లాస్ ఎడ్యుకేషన్ పథకం ప్రైవేటు కళాశాలకు ఏడాదికి 2 లక్షల దాకా ఫీజు ఇస్తే, ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బుకు 3.72 లక్షల దాకా ఇచ్చింది. పైలట్ చదువు ఖరీదైనదని సర్కారు ఒప్పుకున్నట్టే. ఎంత ఖరీదో మాత్రం పూర్తిగా ఒప్పుకోలేదు. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009 నుంచి మడకశిర ఎస్సీ రిజర్వుడు స్థానం. ఇలాంటి పథకాలు ఎవరిని ఉద్దేశించినవో ఆ జనం ఇక్కడ గణనీయంగా ఉన్నారు. కాని దరఖాస్తు చేయాలంటే ముందు ఇంటర్‌లో భౌతికశాస్త్రం, గణితం చదివి ఉండాలి, వైద్య పరీక్ష నెగ్గాలి, శిక్షణ సంస్థలో సీటు సంపాదించాలి. అంటే స్కాలర్‌షిప్ చేతికి రాకముందే చేతి డబ్బు కొంత ఖర్చవుతుంది.

అప్పుల దారి 1969 బ్యాంకుల జాతీయీకరణతో పల్లెకు తెరుచుకుంది. అనంతపురం జిల్లాకు సిండికేట్ బ్యాంకు లీడ్ బ్యాంకు అయింది. శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు ఊళ్లలోకి వెళ్లింది. అవి ఇచ్చింది పంట రుణం, బావి రుణం, మల్బరీ తోటకూ పట్టుపురుగుల షెడ్డుకూ రుణం. విద్యారుణానికి దేశమంతటా ఒకే నమూనా 2001లో భారతీయ బ్యాంకుల సంఘం తయారుచేసింది. దేశంలో చదువుకు 7.5 లక్షలు, విదేశంలో చదువుకు 15 లక్షలు మొదటి పరిమితి. తర్వాత అవి 10, 20 లక్షలయ్యాయి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన పైలట్ శిక్షణ ఆ నమూనాలో పేరుపెట్టి ఉంది.

నమూనాలోని హామీల నిబంధన చాలాకాలం మూడు మెట్లుగా ఉంది. 4 లక్షల దాకా తల్లిదండ్రుల సంతకం సరిపోయేది. 7.5 లక్షల దాకా మూడో మనిషి ష్యూరిటీ అడిగేవారు. ఆపైన ఆస్తి తాకట్టు తప్పదు. బీటెక్ చదివేవాడి అప్పు తరచు మొదటి రెండు మెట్లలోనే ఆగుతుంది. పైలట్ కోర్సు అప్పు మొదటి రోజే మూడో మెట్టు మీద నిలబడుతుంది. అప్పుడు మేనేజరు అడిగేవి పట్టాదారు పాస్‌బుక్, అడంగల్, ఈసీ, విలువ కట్టే ఇంజనీరు నివేదిక. వేరుశనగ పండే అయిదెకరాల మెట్ట మీద నలభై లక్షల అప్పు నిలవదు. బోరులో నీళ్లున్నాయా లేవా అన్నదాన్నిబట్టి విలువ మారే భూమి అది. ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టా (అసైన్డ్) భూమి సంగతి మరీ చిక్కు. 1977 నాటి చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. బ్యాంకుకు తనఖా పెట్టే వీలు చట్టంలోనే ఉన్నా, వేలానికి పెడితే ధర పలకదనుకున్న భూమి మీద పెద్ద అప్పుకు ఏ బ్యాంకూ ఉత్సాహం చూపదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై పేద రైతులకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. అది రైతు కోసం చేసిన సవరణే గాని తాకట్టు విలువను కూడా మార్చేదే.

బ్యాంకుతో పాటు కార్పొరేషన్ల దారి ఒకటి ఉంది. 1989లో ఏర్పడిన జాతీయ షెడ్యూల్డ్ కులాల ఆర్థిక సంస్థ, రాష్ట్ర ఎస్సీ కార్పొరేషన్ ద్వారా విద్యారుణాలిస్తుంది. చాలాకాలం దాని వడ్డీ 4 శాతం, ఆడపిల్లలకు 3.5. బీసీలకు 1992లో, మైనారిటీలకు 1994లో ఇలాంటి సంస్థలే వచ్చాయి. వడ్డీ తక్కువ కావడం పెద్ద మేలు. పరిమితి మాత్రం చాలాకాలం బ్యాంకుల పరిమితినే అనుసరించి 10 లక్షలు, 20 లక్షల దగ్గరే ఉంది.

అప్పు చేసి పైలట్ అయినవారికి ఉద్యోగాల గాలి ఎటు వీస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. 1994లో ప్రభుత్వ విమాన కార్పొరేషన్ల గుత్తాధిపత్యం పోయింది. 2003లో బెంగళూరు నుంచి ఎయిర్ దక్కన్ మొదలై టికెట్ల ధర తగ్గించింది. కొత్త సంస్థలు వరసగా వచ్చి పైలట్ల కోసం వెతుక్కున్నాయి. ఇల్లు, పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని శిక్షణకు పంపిన కుటుంబాలు ఈ కాలంలో ఎక్కువ. 2008 ఆర్థిక మాంద్యం తాకేసరికి వారు లైసెన్సుతో తిరిగొచ్చారు, కొలువులు లేవు. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోవడంతో అనుభవమున్న పైలట్లే రోడ్డున పడ్డారు. బ్యాంకు ఇచ్చే మారటోరియం కోర్సు కాలం, దాని మీద ఒక ఏడాది. 40 లక్షల అప్పు 11 శాతం వడ్డీతో పదిహేనేళ్లలో తీర్చాలంటే నెల కంతు 45 వేల పైచిలుకు. కో-పైలట్ జీతానికి అది బరువు కాదు. ఉద్యోగం రాని ఇంట్లో శనక్కాయల ఆదాయంతో ఆ కంతు కట్టడం అసాధ్యం. తీసుకున్న లైసెన్సు కూడా ఊరికే ఉండదు. నిర్ణీత గంటలు ఎగురుతూ, వైద్య పరీక్షలు చేయించుకుంటూ దాన్ని బతికించుకోవాలి. దానికీ డబ్బే కావాలి.

ఈ ప్రమాదాన్ని వేరే తీరుగా పంచుకున్న దేశాలున్నాయి. ఆస్ట్రేలియాలో పౌరుడైన విద్యార్థి ఆమోదిత పైలట్ కోర్సు ఫీజును ప్రభుత్వ రుణంగా తీసుకుంటే తాకట్టు ఉండదు. సంపాదన ఒక స్థాయి దాటాకే ఆదాయపు పన్నుతో కలిపి వసూలు చేస్తారు. మామూలు చదువుల రుణ పరిమితి కన్నా ఎక్కువ పరిమితిని వైద్యం, దంతవైద్యం, పశువైద్యంతో పాటు 2020 నుంచి విమానయానానికి కూడా ఇచ్చారు. అక్కడ స్థిరపడి పౌరసత్వం తీసుకున్న తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ దారి ఉంది. ఇక్కడి నుంచి వీసా మీద వెళ్లిన విద్యార్థికి లేదు. అమెరికాలో సమాఖ్య విద్యారుణం గుర్తింపు పొందిన కళాశాల కోర్సులో భాగమైన విమాన శిక్షణకే దొరుకుతుంది. ఊరి పక్క ఫ్లయింగ్ స్కూలులో నేర్చుకునేవాడు ప్రైవేటు అప్పు చూసుకోవాలి.

గత పదేళ్లలో భారతదేశంలో నియమాలు మెల్లగా కదిలాయి. బ్యాంకులు ప్రాధాన్య రంగం కింద చూపుకోగల విద్యారుణం పరిమితి 2015లో 10 లక్షలు, 2020లో 20 లక్షలు, 2025లో 25 లక్షలు. 2015 ఆగస్టులో విద్యాలక్ష్మి పోర్టల్ మొదలై, దరఖాస్తు కోసం బ్యాంకు బ్యాంకు తిరిగే పని తగ్గించింది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకం తాకట్టు, ష్యూరిటీ లేని రుణమిస్తుంది. కాని అది జాతీయ ర్యాంకుల ఆధారంగా ఎంపికైన ఉన్నత విద్యాసంస్థలకు. ఫ్లయింగ్ క్లబ్బులు ఆ ర్యాంకుల పోటీలో ఉండే సంస్థలు కావు. అదే ఏడాది డీజీసీఏ ఆమోదించిన పైలట్ కోర్సుల ఫీజుపై జీఎస్టీ ఉండదని స్పష్టం చేశారు. 18 శాతం పన్ను పడుతుందా లేదా అన్న పాత తగాదా దానితో తీరింది. అప్పు పెంచిన నిర్ణయాల కన్నా ఖర్చు తగ్గించిన ఈ ఒక్క నిర్ణయమే పేద విద్యార్థికి ఎక్కువ ఉపయోగం.

శిక్షణ సంస్థల సంఖ్య పెంచడానికి 2020లో విమానాశ్రయాల ప్రాధికార సంస్థ రాయల్టీ వసూలు మానేసింది. తన విమానాశ్రయాల్లో స్థలాలను వేలం వేసింది. మొదటి విడతలో బెళగావి, కలబురగి వంటివి వచ్చాయి. 2022 నాటి రెండో విడతలో హుబ్బళ్ళి, సేలంలతో పాటు కడప పేరుంది. రాయలసీమ గడ్డ మీద పైలట్ శిక్షణకు కేంద్రం చోటు కేటాయించడం అప్పుడే. 2023లో డీజీసీఏ ఇచ్చిన వాణిజ్య లైసెన్సులు 1,622. అప్పటికి అదే రికార్డు. విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు 2014లో, శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు 2024లో కేంద్ర పౌర విమానయాన మంత్రులయ్యారు. రాబోయే సంవత్సరాల్లో దేశానికి ముప్పై వేలకు పైగా పైలట్లు కావాలని రామ్మోహన్ నాయుడు ప్రకటించారు.

మడకశిర బ్యాంకుల పేర్లు కూడా ఈలోగా మారాయి. 2020లో సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో, అది 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. విద్యారుణం నమూనాలో 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అన్న నిబంధన మాత్రం ఇంకా అమల్లో ఉంది.